నానుతున్న వెండి

ముందే చెప్పేస్తున్నాను, తరవాత నన్ను అనొద్దు. నేను పెద్దవి చేసి చెబుతాను. ఇందులో ఏ అంకె కనిపించినా పదితో భాగించుకుని చదవండి. బస్సు మూడు గంటలు ఆగిపోయిందంటే పద్దెనిమిది నిమిషాలు ఆగిందని, నలభైమంది నవ్వారంటే నలుగురు నవ్వారని. ఇది నాకు చిన్నప్పటినుంచీ ఉన్న జబ్బు. అయితే ఏర్పేడు దగ్గర ఒక పెద్ద క్యాంపస్‌లో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఉంది. అది చేసేదీ ఇదే పని: ఉన్నదాన్ని లక్ష రెట్లు పెద్దది చేసి చూపిస్తుంది. దానికి ఏసీ గది, పట్టు పరదాలు, ముందు చెప్పులు విడిచి వెళ్ళేంత మర్యాద. నాకు మాత్రం ఇంట్లో చీవాట్లు.

పెంచి చెప్పడం వేరు, లేనిది చెప్పడం వేరు. లేనిది ఒకటి ఇందులో ఉంది. అదేదో చివర్లో నేనే ఒప్పుకుంటాను.

నేను చిత్తూరులో ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. నలభై దాటాక బుద్ధి పుట్టి, తిరుపతిలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి చేరాను. శని, ఆదివారాలు, సెలవులు, ఎవరైనా పోతే దొరికే సెలవులు, అన్నీ ఆ ల్యాబులోనే. నా పని నానో వెండి. అంటే వెండిని వెంట్రుక వెడల్పులో వేలకొద్దీ పక్కపక్కన కూర్చునేంత చిన్న రేణువులుగా నీళ్ళలో పుట్టించడం. అంత చిన్నదయ్యాక వెండి తెల్లగా ఉండదు, పలచటి తేనెలా పసుపుగా మారుతుంది. ఆ రంగు మొదటిసారి చూసిన రోజు నేను ల్యాబులో రెండు మైళ్ళు పరిగెత్తాను. (భాగించుకోండి. అయినా ఎక్కువే.)

నానో అన్న మాట మా ఇంటికి వచ్చేసరికి నానబెట్టడం అయిపోయింది. ఇందులో మా ఆవిడ తప్పేమీ లేదు. నేను ఫోనులో "ఇంకా నానోలోనే ఉన్నా" అంటే ఆమెకు వినిపించేది అదే.

"ఏమయ్యా, ఎనిమిదేండ్లుగా నానబెడతాండావే. అలసందలయింటే ఈ పాటికి మొలకొచ్చి, కాయ కాసి, మళ్ళీ నానబెట్టుకునేటోళ్ళం."

ఎనిమిదేళ్ళు యూనివర్సిటీ లెక్క, నాది కాదు. కాలేజీలోనూ ఆ పేరే స్థిరపడింది. స్టాఫ్‌రూములో కొత్తగా చేరినవాళ్ళకు నన్ను పరిచయం చేసేటప్పుడు "ఈయన వెండి నానబెడతాడు" అనేవారు. కొత్తవాళ్ళు నా వేళ్ళకు ఉంగరాలున్నాయా అని చూసేవారు.

మా ల్యాబులో గొప్ప పనులు జరుగుతుంటాయి. నా కుడిపక్క బెంచీలో ఒకమ్మాయి జబ్బుపడిన కణం దాకా మందును మోసుకెళ్ళి అక్కడే దించే రేణువులు చేస్తుంది. ఎడమపక్క ఒకతను ఫోను బ్యాటరీలు త్వరగా నిండేట్టు కార్బన్ పొరలు పేరుస్తాడు. మధ్యలో నేను, స్టవ్వు మీద ఆకులు ఉడకబెట్టుకుంటూ. మాది పచ్చదారి. ఘాటు రసాయనాలు లేకుండా ఆకు కషాయంతో వెండి రేణువులు పుట్టించడం. ఈ దారిలో ఇప్పుడు విపరీతమైన రద్దీ. నేను చేరేసరికి వేప అయిపోయింది, తులసి అయిపోయింది, జామ, కరివేపాకు అయిపోయాయి. మేకలు మూతి తిప్పుకునే ఆకుల్ని కూడా మావాళ్ళు ఉడకబెట్టి పేపర్లు రాసేశారు. చివరికి ఐరాలలో మా మామగారి తోటలోని బెంగళూరా మామిడి చిగురు నాకు మిగిలింది. మామిడిని ఎవరో ఉడకబెట్టారు గాని, జ్యూసు ఫ్యాక్టరీకి పోయే ఆ రకం మామిడిని ఎవరూ విడిగా ఉడకబెట్టలేదు. మా మామగారు ప్రతి ఆదివారం కొమ్మ విరిచి నాకిస్తూ, కూతుర్ని ఇచ్చిన రోజు కూడా ఇంత దిగులుగా చూడలేదు.

నా గైడు ఒకప్పుడు నా విద్యార్థిని. ఇంటర్‌లో ఆమెకు కెమిస్ట్రీ చెప్పింది నేనే. ఇప్పుడామె ప్రొఫెసరు, నేను స్కాలరు. ఆమె నన్ను సార్ అంటుంది, నేనామెను మేడమ్ అంటాను. నన్ను తిట్టవలసి వచ్చినప్పుడల్లా ఆమె "సార్" అని మొదలుపెట్టి ఆగిపోతుంది. ఆ ఆగిన చోట నేనే తిట్లు నింపుకుంటాను.

ఇలాంటి రేణువులతో ఉన్న చిక్కు పుట్టించడంలో లేదు. నిలపడంలో ఉంది. పుట్టిన గంటకే అవి ఒకదాన్నొకటి కరుచుకుని, ముద్దయి, బూడిదరంగు మడ్డిలా అడుగున పడతాయి. అలా అంటుకోకుండా ప్రతి రేణువు చుట్టూ ఏదో ఒక పొర పట్టి ఉండాలి. దాన్ని క్యాపింగ్ అంటారు. తెలుగులో చెప్పాలంటే టోపీ పెట్టడం. నా బెంగళూరా వెండి నెలల తరబడి తేనెరంగు చెడకుండా నిలబడింది. ఆకులో ఉన్న పదార్థమే టోపీ పెడుతోందని రాశాం. ఏర్పేడులో మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే గుండ్రంగా, ముద్దుగా, ఒకదాన్నొకటి తోసుకోకుండా కొండ మీద క్యూలో నిలబడ్డట్టు ఉన్నాయి. పేపరు అచ్చయింది. నేను చిత్తూరు గాంధీ రోడ్డులో నడుస్తుంటే ట్రాఫిక్ ఆగింది. నిజానికి సిగ్నలు పడింది.

ఆ సంబరంలోనే ఇంకొకటి జరిగింది. మా ల్యాబులో గాజు సామాను కడిగే ఒకామె ఉండేది. యాభై దాటినామె, అందరికీ అక్క. ఆ రోజుల్లోనే ఆఫీసు నుంచి ఒక నోటీసు వచ్చింది: ల్యాబుల్లో వంటింటి సామాను వాడరాదని, గాజు సామాను ఇకమీద మిషనులో కడగాలని. అక్కను హాస్టల్ వంటగదికి మార్చారు. నోటీసు దేని గురించో నేను అడగలేదు. వస్తుంటాయి నోటీసులు.

తరవాత ఆరు నెలలకు ఎక్కడో దూరంగా ఉన్న ఒక ల్యాబు నుంచి మేడమ్‌కు చాలా మర్యాదైన ఉత్తరం వచ్చింది. మీ పేపరు బాగుంది, మీరు చెప్పిన మామిడినే తెప్పించుకున్నాం, మీరు రాసిన పద్ధతే చేశాం, మాకు మడ్డి వస్తోంది, ఎక్కడ పొరపాటు చేస్తున్నామో దయచేసి చెప్పగలరా, అని.

"చేయడం రాదు మేడమ్ వాళ్ళకు," అన్నాను నేను. కాలరు సర్దుకుని మళ్ళీ చేసి చూపించాను. మడ్డి వచ్చింది.

ఇంకోసారి చేశాను, మళ్ళీ మడ్డే. ఆ తరవాత నేను నాలుగు వందలసార్లు చేశాను. భాగించుకున్నా నలభై. నలభైసార్లు ఒక మనిషి తన బతుకు అడుగున పేరుకోవడం చూశాడు. ఐరాలకు పోయి అదే చెట్టు, అదే కొమ్మ, అదే దిక్కు చిగురు తెచ్చాను. నీళ్ళు మార్చాను. వెండి లవణం కొత్త సీసా తెప్పించాను. స్టవ్వు మార్చాను. మొదటిసారి వచ్చిన రోజు వేసుకున్న గళ్ళ చొక్కా వెతికి వేసుకున్నాను. పొట్ట దగ్గర రెండు గుండీలు పట్టలేదు, తెరిచే ఉంచి చేశాను. కషాయం పోస్తే ముందు పసుపుగా వచ్చేది. ఆశ పుట్టేది. భోంచేసి వచ్చేసరికి గోధుమరంగు, సాయంత్రానికి బూడిద. ఆ సాయంత్రాలు నాకు ఫ్లాస్కు వైపు చూడాలంటే జ్వరం వచ్చిన బిడ్డ నుదురు ముట్టుకోవాలన్నంత భయం.

కొండకు పోయి గుండు చేయించుకున్నాను. మా ఆవిడ అడ్డుచెప్పలేదు. "దేవుడికైనా ఒక తూరి సెప్పు. ఆయనకు తెలిసుంటే సరిపాయె," అంది. దిగి వచ్చాక చేస్తే, మడ్డి.

యూనివర్సిటీ నా గడువును అప్పటికే పొడిగించి పొడిగించి అలిసిపోయింది. ఇదే ఆఖరు అని కాగితం పంపింది. కమిటీ ముందు ఫలితం మళ్ళీ చేసి చూపించాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ రద్దు. ఎనిమిదేళ్ళ శనివారాలు, ఆదివారాలు, మామగారి చెట్టు, నా జుట్టు, అన్నీ రద్దు. యాభై దగ్గర పడుతున్నవాడికి ఇంకో ఎనిమిదేళ్ళు ఎవరూ ఇవ్వరు. ఆ రోజుల్లో తిరుపతి నుంచి చిత్తూరు బస్సులో కూర్చుంటే ఒడిలో తువ్వాలు చుట్టిన ఫ్లాస్కు ఉండేది, దాన్లో చచ్చిన వెండి. పూతలపట్టు దాటేటప్పుడు కిటికీలోంచి పారేద్దామని ప్రతిసారీ చెయ్యెత్తేవాణ్ణి. కండక్టరు ఒకసారి అడిగాడు.

"ఏందప్పా అది, అంత బద్రంగా పట్టుకోనుండావు?"

"వెండి."

"వెండి పట్టుకోనిండే మొగమయితే గాదు నీది," అని టికెట్టు చింపి ఇచ్చాడు.

అన్నిటికన్నా చెడ్డ రోజు ఒకటుంది. మేడమ్ తలుపు దగ్గరికి వేసి, కూర్చోమంది. చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ ఉంది.

"సార్... మన పేపరు వెనక్కి తీసుకుందామా?"

నేను గుండు తడుముకున్నాను.

"మీరే చెప్పినారు సార్ మాకు. ఇంటర్‌లో, సాల్ట్ అనాలిసిస్ అప్పుడు. రానిది వచ్చినట్టు రాయొద్దని నా రికార్డు చించినారు, గుర్తుందా? అప్పటినుంచి నేను ఎప్పుడూ రాయలేదు సార్. ఇదొక్కటే."

ఆమె ఏడుస్తుందేమో అని భయపడ్డాను. ఆమె ఏడవలేదు, నా గుండు వైపు చూసింది. అప్పుడు అర్థమైంది, మునిగేది నేనొక్కణ్ణే కాదని. ఆ పేపరు మీద రెండు పేర్లున్నాయి. ఆమెకు ఇంకా ఇరవై ఏళ్ళ సర్వీసు ఉంది. ఆమె చేతి కింద నడుస్తున్న బ్యాటరీలు, మందులు మోసే రేణువులు, అన్నిటి మీదా ఇక ఒక అనుమానం. నానో అనే ఈ శాస్త్రంలో కొత్తది కనుక్కునేవాళ్ళు బోలెడుమంది, కనుక్కున్నది రెండోసారి రప్పించేవాళ్ళకే కరువు అని సభల్లో చెప్పేది ఆమే. ఆ మాటకు ఇకనుంచి ఉదాహరణ మేమే.

కమిటీకి నెల ఉందనగా, ఒక మధ్యాహ్నం ఎండకు తల మాడిపోయి, టీ తాగుదామని హాస్టల్ వంటగది వైపు పోయాను. దారిలో కనిపించింది గనక పోయాను, అంతే. వాకిట్లో అక్క కూర్చుని ఉంది. ముందు ఒక పెద్ద గంగాళం. అందులో ఏనుగు స్నానం చేయొచ్చు. దాన్నిండా చింతపండు నానుతోంది, రాత్రి రసానికి.

"ఏం సారూ, గుండు కొట్టించినారే. మీరు నానబెట్టింది నానిందా?"

"కుళ్ళిందక్కా."

ఆమె నవ్వింది. చింతపండు పిసుకుతూనే అడిగింది, "మీ బుడ్లు ఎవురు తోముతాండారిప్పుడు?"

"మిషను."

"మిషనుకు చేతులుంటాయా?" అని, పిప్పి పిండి పక్కన పెట్టింది. "చింతపండేస్తాండారా లేదా?"

"గాజు ఫ్లాస్కుకు చింతపండెందుకక్కా?"

ఆమె నా వైపు జాలిగా చూసింది. "మీరే గదా సారూ, వెండి జేస్తాండామంటిరి. వెండి సామానుకు సబ్బేస్తే కళ పోతాది. నేను మా ఇంట్లో పూజ సామాను ఎట్ల తోముతానో అట్లనే తోమితి. చింతపండు బాగా నానబెట్టి, పిప్పి లోపలికి తోసి, గిర్రున తిప్పి..."

"తరవాత ఎన్నిసార్లు కడిగేదానివి?"

"ఒక్క కడుగే. ఆ పొద్దు నీళ్ళు యాడుండాయి? ట్యాంకరు రెండు దినాలకొక తూరి. మీరందరూ కాలవ నీళ్ళ మాదిరి ఆ డిస్టిల్డు నీళ్ళు పారబోస్తా ఉంటిరి, నాకేమో ఒక చెంబు."

నేను ఆ మెట్టు మీదే కూర్చున్నాను. చింతపండు పులుపులో ఉండే ఆమ్లం పేరు ఆ అక్క కన్నా నాకు బాగా తెలుసు. వెండి రేణువును చుట్టుకుని, పక్కదానికి అంటనివ్వకుండా చేసే లక్షణం దానికుందని పిల్లలకు కూడా చెప్పి ఉంటాను. టోపీ పెట్టింది మామిడాకు కాదు. ఫ్లాస్కు మెడలో గరుకు గాజు దగ్గర మిగిలిపోయిన చింతపండు. మామిడాకు టోపీ పెట్టింది మేడమ్‌కూ నాకూ.

"అక్కా, నాకు ఒక పది ఫ్లాస్కులు తోమిపెడతావా? ముందు తోమినట్టే?"

"నేను తోమితే మళ్ళీ నోటీసు వస్తాదేమో సారూ," అంది, తల ఎత్తకుండా.

తోమింది. నేను మిషనులో కడిగినవి అయిదు, అక్క తోమినవి అయిదు పక్కపక్కన పెట్టి, ఒకే కషాయం పోశాను. మర్నాటికి మొదటి అయిదూ బూడిద. అక్కవి అయిదూ తేనె. ఆ తరవాత అక్క తోమకుండానే, మిషనులో కడిగిన ఫ్లాస్కుల్లో చింతపండు పులుపు కొలిచి వేసి చూశాను. అవీ నిలబడ్డాయి. మేడమ్ ఆ వరసను చూసి కుర్చీ లాక్కుని కూర్చుంది. "సార్" అంది.

కమిటీ రోజున ముగ్గురు వచ్చారు. వాళ్ళలో బయటినుంచి వచ్చిన పెద్దాయన మాట తక్కువ మనిషి. వాళ్ళ కళ్ళముందే పోశాను. వచ్చింది. మూడు వారాల కిందటివి చూపించాను. నిలిచి ఉన్నాయి. పెద్దాయన ఫ్లాస్కును వెలుతురుకు ఎత్తిపట్టి చాలాసేపు చూశాడు.

"బాగుంది. ఇందులో ఆకు పాత్ర ఏమిటి?"

అక్కడ ఊరుకోవచ్చు. ఆకే అంటే అయిపోయేది, సంతకాలు పడేవి. పట్టా వచ్చేది, రిజిస్ట్రేషన్ బతికేది. మేడమ్ నా వైపు చూడలేదు, టేబులు వైపు చూసింది.

"రంగు పుట్టించడం వరకే ఆకుదండి," అన్నాను. "నిలబెట్టింది చింతపండు. అది మేం తెలిసి వేసింది కాదు. సామాను తోమినామె చేతినుంచి వచ్చింది."

పెద్దాయన ఫ్లాస్కు దించి, మా పేపరు తిరగేశాడు.

"మీ పేపర్లో ఈ మాట లేదే."

"అప్పటికి తెలీదండి."

ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. పేపరుకు సవరణ పంపాలి. థీసిస్ పేరు మారాలి. నాలుగు చాప్టర్లు మళ్ళీ రాయాలి. కొలిచి వేసిన చింత పులుపుతో ప్రయోగాలన్నీ తిరిగి చేయాలి. ఆరు నెలలు. ఆ పైన ఒక్క రోజు కూడా లేదు.

బయటికి వచ్చాక మేడమ్ అంది, "నాలుగు చాప్టర్లు సార్."

"అవును మేడమ్."

"ఆరు నెలల్లో కాదు సార్."

"కాదు మేడమ్."

క్యాంటీన్లో కూర్చుని ఇడ్లీ తిన్నాం. చెరి నలభై అని రాద్దామనుకున్నాను. తిన్నది ఒక్కొక్కటే.

ఇది జరిగి నాలుగు నెలలు. రెండు చాప్టర్లు అయ్యాయి. ఇంట్లో అడిగితే నానుతోందనే చెబుతున్నాను.

ఇప్పుడు మాట ఇచ్చిన ప్రకారం ఒప్పుకోవాలి. గంగాళంలో ఏనుగు పట్టదు, దూడ కూడా పట్టదు. మామగారి దిగులు కొంచెం నాది. ఇవన్నీ పెంచినవి. లేనిది వేరే.

ఆఫీసు నుంచి ఏ నోటీసూ రాలేదు, అక్క నోట ఆ మాట పెట్టింది కూడా నేనే. అక్క ఫ్లాస్కులో చింతపండు వేసి తోముతుండగా చూసింది నేను. పేపరు అచ్చయిన పొగరులో ఉన్నాను. ఇది ల్యాబనుకున్నావా నీ వంటిల్లనుకున్నావా అని పదిమంది ముందు అరిచింది నేను. "వెండి గదా సారూ" అని ఆమె ఏదో చెప్పబోతే విననిది నేను. ఈమెకు ల్యాబు పని చేతకాదు, మార్చండి అని నాలుగు లైన్లు రాసి ఆఫీసులో ఇచ్చింది కూడా నేనే. మిషను అడిగిందీ నేనే.

టీ కోసం ఆ దారిన పోవడమూ, చింతపండెందుకని ఏమీ తెలియనట్టు అడగడమూ అబద్ధమే. చింతపండు అనుమానం నాకు మడ్డి మొదలైన మూడో నెలలోనే వచ్చింది. వెళ్ళి అడిగితే చాలు. కాని అడగాలంటే ముందు ఆమె ముఖం చూడాలి. అందుకని చొక్కా మార్చాను, చెట్టు మార్చాను, నీళ్ళు మార్చాను, కొండకు పోయాను. ఆ వంటగది ముందునుంచి మూడుసార్లు పోయి, మూడుసార్లూ తిరిగి వచ్చాను. మేడమ్ తలుపు వేసి పేపరు వెనక్కి తీసుకుందామా అని అడిగిన రోజున కూడా ఆ అనుమానం నా జేబులోనే ఉంది.

సవరణలో నీ పేరు కూడా వేస్తామని అక్కతో చెప్పాను.

"నా పేరెందుకు సారూ ఆ బుక్కులో? ఎవురు సదవాల?" అంది. "నా ఫైల్లో మీరు పెట్టిన కాగితం ఉండాది సూడు, చేతకాదని. అది తీసెయ్యండి, సాలు."

దానికి నేను ఇంకో కాగితం రాసి ఇవ్వాలి. మొదటిది రాయడానికి రెండు నిమిషాలు పట్టింది. దీన్ని ఇప్పటికి పదిహేనుసార్లు రాశాను. ప్రతిసారీ, తప్పు నాది అనే చోటికి వచ్చేసరికి వాక్యం ఆఫీసు మీదికో, మిషను మీదికో జారిపోతోంది. నిన్న రాసింది మాత్రం చించలేదు. సోమవారం ఇవ్వాలి.

ఆ పదిహేనును పదితో భాగించకండి.